అందరికీ ఇటాలియన్ వచ్చుగా

ఇటలీ సరిహద్దు నగరం త్రియెస్తెకు ఎగువన కొండమీద మా ఒపిచీనాలో మందుల షాపు నడిపే నేవా గ్రుడెన్‌కు కోపం తల్లి నుంచి వచ్చిందంటారు. మా ఇళ్లల్లో మాట్లాడే స్లోవీన్‌ను ప్రభుత్వం నిషేధించిన రోజుల్లో, ఆ తల్లి చిన్నప్పుడు బడిలో స్లోవీన్ మాట పలికినందుకు బెత్తం దెబ్బలు తిన్నది. అయినా నేవాకు ఇటాలియన్ కవిత్వమంటే ప్రాణం. ఇవాళ రాస్తున్నవాళ్ల కవితలు స్లోవీన్‌లోకి మార్చి పైకి చదువుతుంది. పైకి చదివితే తప్ప అనువాదం నిలబడిందో లేదో తెలియదని ఆమె నమ్మకం.

ఆ ఏడు త్రియెస్తె కవితోత్సవానికి పాదోవా నుంచి లివియా మార్చెత్తో అనే కవయిత్రి వచ్చింది. మతిమరుపు ముదిరిన తన తల్లి వంటింటి సామాన్ల పేర్లు ఒక్కొక్కటే మరిచిపోతూ చనిపోవడం మీద ఆవిడ పెద్ద కవిత రాసింది. ఆవిడ ఇటాలియన్‌లో ఒక చరణం, వెంటనే నేవా దాని స్లోవీన్ అనువాదం చదవాలని ఒప్పందం. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఇద్దరూ ఫోన్లో నెలల తరబడి అనుకున్నారు.

తీరా సభ మొదలయ్యే ముందు, ఉత్సవం నడిపే బెర్తొస్సి నేవాను పక్కకు పిలిచాడు. టైము లేదట. అనువాదం తెరమీద వేస్తారట, చదవనక్కర్లేదట.

"ఏమీ అనుకోకండి. ఇక్కడ అందరికీ ఇటాలియన్ వచ్చుగా," అన్నాడు.

"వచ్చు. మా అమ్మకు నేర్పిన తీరు కూడా గుర్తుంది," అంది నేవా.

ఊరి నుంచి తనతో వచ్చిన నా పక్కన కూర్చుంది. ఇంటికి పోదామా అని అడిగితే, అనువాదం కాగితాలు సంచిలోంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

లివియా మొదటి చరణం చదివి ఆగింది. నేవా ఉన్నచోటే లేచి, మైకు లేకుండా ఆ చరణాన్ని స్లోవీన్‌లో అందుకుంది. వెనక నుంచి ఒకాయన, ఇది ఇటలీ, ఇటాలియన్‌లో మాట్లాడమ్మా అన్నాడు. నేవా చదవడం ఆపి వెనక్కి తిరిగింది.

"నేనూ ఇక్కడే పుట్టానండీ. వాళ్లమ్మ చచ్చిపోతోంది ఈ కవితలో. అయ్యేదాకా నోరు మూసుకుని కూర్చోండి."

బెర్తొస్సి సైగ చేస్తే, సభ అయిపోయినట్టు హాలులో దీపాలన్నీ వెలిగాయి. కొందరు లేచి వెళ్లిపోయారు. లివియా మాత్రం ప్రతి చరణం చివరా ఆగి, నేవా ముగించేదాకా చూసి, ఆ తర్వాతే అందుకుంది. చివరిదాకా అలాగే చదివారు.

నేవా సభ పాడుచేసిందని బెర్తొస్సి ఊరంతా చెప్పాడు. మరుసటి ఏడు ఆమెను పిలవలేదు. కానీ ఆ గొడవ పేపర్లకెక్కడంతో స్లోవీన్‌లో చదివించక తప్పలేదు. యాస్నా అనే కుర్ర నటిని పెట్టారు. చదివినవి నేవా అనువాదాలే. ఆమె పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

నేవా వెళ్లింది. చేతులు కట్టుకుని, పళ్లు బిగించి, మొత్తం విన్నది. అయ్యాక నేరుగా వేదిక దగ్గరికి నడిచింది. ఆ పిల్లను కడిగేస్తుందనే అనుకున్నాం.

"అవి నేను రాసినవి. నీకు తెలుసా?"

యాస్నా చేతిలో కాగితాలు తిప్పి చూసింది. "తెలీదండీ. పేరు ఇవ్వలేదు నాకు."

"మూడో కవితలో పంక్తి చివర మాట మింగేశావు. ఆదివారం మా ఇంటికి రా. మళ్లీ చదువుదువుగాని."

యాస్నా వెళ్లింది. ఆ చలికాలమంతా వెళ్తూనే ఉంది. ఇప్పుడు మా కొండమీద వైన్ అమ్మే రైతుల ఇళ్లల్లో నేవా, యాస్నా కవితలు చదువుతారు, ఒకరు ఇటాలియన్‌లో, ఒకరు స్లోవీన్‌లో. బెర్తొస్సి ఒకసారి వినడానికి వచ్చి పలకరించబోతే, నేవా మొహం తిప్పుకుంది.