నిండుకున్న కారు

నా చిన్నప్పుడు మా ఇంట్లో భోజనాల దగ్గర చుట్టాల కబుర్లకంటే ఒక కారు కబుర్లే ఎక్కువగా నడిచేవి. డెట్రాయిట్ దగ్గర మేమున్న ఊళ్లో సగం మంది ఏదో ఒక కార్ల కంపెనీని నమ్ముకుని బతికేవారు. మా నాన్నగారు ఇంజనీరు. డబ్బున్నవాళ్లు ఎక్కే ఒక పెద్ద సెడాన్‌కి తలుపులు డిజైన్ చేసేవారు. ముందు తలుపులు కావు, వెనకవి. అసలు యజమాని కూర్చునేది వెనకేనని ఆయనకు గొప్ప గర్వం.

ఆ కారు చరిత్రను నాన్నగారు హరికథలా చెప్పేవారు. మొదట్లో అది ఏ కొద్దిమంది కోసమో ఎంతో శ్రద్ధగా తయారయ్యేదట. తర్వాత వెనక చేప తోకల్లాంటి రెక్కలు మొలిచి, ఏటేటా పెరిగి, ఒక ఏడు చెప్పాపెట్టకుండా మాయమయ్యాయట. ఆపైన ముందుభాగం సాగి సాగి చాలామంది గరాజుల్లో పట్టకుండా పోయిందట. గ్యాస్ ధర మండిపోయి బంకుల ముందు కార్లు బారులు తీరాక దాన్ని కత్తిరించడం మొదలుపెట్టారట. తనకంటే ముందే ఆయనకు ఆ కారుతో పెళ్లయిపోయిందని అమ్మ వడ్డిస్తూ ఎత్తిపొడిచేది. కథ ఎప్పుడూ వచ్చే ఏడాది మోడల్ దగ్గర ఆగేది.

ఒక చలికాలం నాన్నగారు ఇంకా ఎండ ఉండగానే ఇంటికి వచ్చారు. మంచు అంటిన బూట్లు విప్పకుండానే వంటింటి గుమ్మంలో నిలబడి అమ్మతో అన్నారు.

"మన కారు నిండుకుందోయ్."

నా తెలుగు అంతంతమాత్రం. నిండడమంటే నాకు తెలిసింది గ్లాసు నిండడం, గ్యాస్ ట్యాంకు నిండడం. ఆర్డర్లు వచ్చి పడ్డాయి కాబోలనుకుని పరుగెత్తుకెళ్లి ఆయన కోటు పట్టుకున్నాను.

"ఫుల్ అయ్యిందా నాన్నా? దట్స్ గుడ్, కదా?"

ఆయన నా తల నిమిరి, "గుడ్డే తల్లీ" అన్నారు. అమ్మ స్టవ్ వైపు తిరిగిపోయింది. ఆ సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కథ మళ్లీ మొదటి నుంచి చెప్పారు. తన తలుపుల దాకా వచ్చి, అక్కడితో ఆపేశారు. నేను మాత్రం సంబరంలోనే ఉన్నాను. స్కూల్లో ఎవరెవరికి చెప్పాలో లెక్కేసుకుంటున్నాను.

మర్నాడు పొద్దున అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి బియ్యం డబ్బా మూత తీసి చూపించింది. అడుగున గింజ లేదు.

"ఇంట్లో బియ్యం లేవు అనకూడదమ్మా. నిండుకున్నాయి అనాలి."

అయితే నాన్న కారో, అని అడిగాను. ఇక దాన్ని చెయ్యరంది. మరి నాన్న జాబ్ సంగతి ఏమిటన్నాను. అమ్మ మూత పెట్టేసింది.

"అదీ నిండుకుంది."

అశుభం పలకకూడదని మన పెద్దవాళ్లు ఆ మాట పెట్టారు. పలకనంత మాత్రాన ఏ డబ్బా నిండిందో నాకు తెలియదు. నాన్నగారు చాలా చోట్ల తిరిగారు. అందరూ చిన్న కార్లు చేస్తున్నారు. పెద్ద కారుకు వెనక తలుపులు చేసిన మనిషి వాళ్లకు అక్కర్లేకపోయింది. చివరికి తెలిసినవాళ్ల మోటెల్‌లో డెస్క్ దగ్గర కూర్చున్నారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నారు. మంచి రోజులు వస్తాయని మేమూ కొన్నాళ్లు అనుకున్నాం, రాలేదు. ఒకసారి కారు కథ చెప్పమని అడిగితే మరిచిపోయానన్నారు. అంతకంటే పెద్ద అబద్ధం ఆయన నాతో ఎప్పుడూ ఆడలేదు.

ఆయన ఆ రోజు నన్ను ఏడిపించలేక "గుడ్డే" అన్నారని తెలుసు. అంత ప్రేమ మళ్లీ నాకు ఎవరి దగ్గరా దొరకలేదు. కానీ దానితోపాటే నాకు ఒక జబ్బు కూడా అంటుకుంది. ఎవరైనా నాతో మరీ మెత్తగా మాట్లాడితే ఇప్పటికీ గుండె జారిపోతుంది. నాన్నగారిని హాస్పిటల్‌లో చేర్చినప్పుడు డాక్టరు నా పక్కకు కుర్చీ జరుపుకుని కూర్చుని, ఎంతో నెమ్మదిగా, ఎంతో మర్యాదగా మొదలుపెట్టాడు. అతను ఇంకా విషయానికి రానేలేదు. నేను అప్పటికే ఏడుస్తున్నాను.