శ్రుతి చేసే మనిషికి వీసా లేదు

యూరప్‌లో ఒక చిన్న దేశం చూడాలని నాకు ఎన్నాళ్లగానో కోరిక. ఆ దేశంవాళ్లు వీసా పని న్యూయార్క్‌లోనే చేస్తారు. మొన్న మంగళవారం పొద్దున్నే హెర్న్‌డన్‌లో మెట్రో ఎక్కి, వాషింగ్టన్‌లో ఏడు గంటల రైలు అందుకున్నాను. వెళ్లేవాళ్లు టికెట్ నెల ముందే బుక్ చేసుకోండి, బాగా తగ్గుతుంది. ఇంటి నుంచి పులిహోర పట్టుకెళ్లండి. రైల్లో అమ్మే శాండ్‌విచ్ నోట పెట్టలేం.

బాల్టిమోర్‌లో నా ఎదుటి సీట్లలోకి కర్టిస్, వెర్నా అనే ఇద్దరు వచ్చారు. వాళ్లది ఒక కరీబియన్ దీవి, బాల్టిమోర్‌లో చుట్టాలింట్లో దిగారట. కర్టిస్‌ది స్టీల్‌పాన్ బృందం. ఇనుప డ్రమ్ము అడుగును సుత్తితో సాగగొట్టి స్వరాలు పలికించే వాయిద్యం అది. వెర్నా వాయించదు, శ్రుతి చేస్తుంది. ప్రయాణం కుదుపులకి స్వరాలు జారిపోతాయట, ఆమె సుత్తి పడందే కచేరీ లేదట. నేను వీణ నేర్చుకున్నదాన్ని. మైనం మెత్తబడి మెట్లు కదిలిన వీణ ఎంత అఘోరిస్తుందో తెలుసు కాబట్టి నాకు వివరించి చెప్పాల్సిన పని లేకపోయింది.

వాళ్లు వెళ్లాలనుకున్నదీ ఆ దేశానికే. అక్కడి వేసవి ఉత్సవంలో వాయించమని పిలిచారు. ఇది కుదిరితే పక్క ఊళ్లూ పిలుస్తాయని, బృందం నిలబడుతుందని కర్టిస్ ఆశ. కరీబియన్ దేశాలకూ యూరప్‌కూ సేవల వ్యాపారం మీద ఒప్పందం ఉంది. యూరప్‌వాళ్లు దీవులకొచ్చి హోటళ్లు నడుపుకోవచ్చు, దీవులవాళ్లు యూరప్ వెళ్లి పాడుకోవచ్చు. తీరా చూస్తే వీళ్ల దీవిలో ఆ దేశానికి ఆఫీసే లేదు. యూరప్‌లో వాయించాలంటే ముందు అమెరికా వీసా సంపాదించి న్యూయార్క్ రావాలి! వింటుంటేనే నాకు ఒళ్లు మండిపోయింది.

పక్క వరసలో మా పక్కూరు షాంటిలీ నుంచి వచ్చిన రిటైర్డ్ తెలుగు డాక్టర్ గారొకాయన మా మాటలు విన్నారు. "రూల్స్ అందరికీ ఒకటేనమ్మా. మేమూ లైన్లో నిలబడే వచ్చాం" అన్నారు.

"లైనే లేని చోట ఎక్కడ నిలబడమంటారంకుల్?" అన్నాను. ఆయన పేపర్ తెరుచుకున్నారు.

పదకొండున్నరకి ముగ్గురం కాన్సులేట్‌లో ఉన్నాం. నా పని ఇట్టే అయిపోయింది. ఖర్చు పెట్టడానికి వెళ్లేదాన్ని కదా, నవ్వుతూ వేలిముద్రలు తీసుకున్నారు. కర్టిస్ కాగితాలూ తీసుకున్నారు. వెర్నావి మాత్రం వెనక్కి తోశారు. పని మీద రానిచ్చేది కళాకారుల్నేనట, శ్రుతి చేసేవాళ్లు కళాకారులు కారట. అలాంటివాళ్లు తమ దేశంలోనూ దొరుకుతారని కిటికీ వెనక అమ్మాయి సలహా కూడా ఇచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. నేను వెళ్లి గట్టిగా అడిగాను. నాకు సంబంధం లేని విషయమట, కూర్చోమంది.

రెండు గంటల రైలుకి తిరుగు ప్రయాణం. వెర్నా తను లేకుండా వెళ్లమని కర్టిస్‌కి నచ్చజెప్పబోయింది.

"అపశ్రుతి వినిపించడానికి అంత దూరం ఎందుకు?" అన్నాడతను. రాలేమని ఉత్సవంవాళ్లకి మెసేజ్ పెట్టాడు.

ఆ దేశంవాళ్లకి పాట కావాలి, పాటని నిలబెట్టే మనిషి అక్కర్లేదు. సిగ్గుండాలి. ఆ దేశం చూడాలన్న నా కోరిక అక్కడే చచ్చిపోయింది.

ఫిలడెల్ఫియా రాకముందే జవాబొచ్చింది. కర్టిస్ చదివి ఫోన్ వెర్నాకిచ్చాడు. ఇబ్బందేమీ లేదట. స్టీల్‌పాన్ వాయించే బృందం ఆ ఊళ్లోనే ఒకటుందట, వాళ్లని పెట్టుకుంటారట. కింద ఆ బృందం ఫొటో.

వెర్నా ఫొటోని పెద్దది చేసి చూసింది.

"ఈ పాన్‌లు మా షెడ్డులో చేసినవే. పోయినేడు నేనే శ్రుతి చేసి ఓడెక్కించాను" అంది.