రెండింటికి పలికే రేడియో

ఒడ్డు మీద ఆ గదిలో ఒక కుర్చీ, ఒక తెర, ఒక రేడియో, ఒక బైనాక్యులర్. కిటికీలోంచి చూస్తే నీళ్ళే. ఆ నీళ్ళ అడుగున దేశాల మధ్య ఫోన్లూ ఇంటర్నెట్టూ మోసే కేబుల్ ఉంది. ఏదో పెద్ద గొట్టమనుకుంటారు జనం. మణికట్టంత లావు, అంతే. దాని మీదికి ఏ ఓడ వచ్చినా "ఇక్కడ లంగరు వెయ్యొద్దు, అడుగున కేబుల్ ఉంది" అని రేడియోలో చెప్పడం ఆ కుర్చీలో కూర్చునే ఆయన ఉద్యోగం. పదకొండేళ్ళుగా అదే మాట. అందుకే ఆఫీసులో ఆయన పేరు లంగరాయన అయిపోయింది.

భార్య పోయి ఆరేళ్ళు. అక్క వారానికోసారి ఫోన్ చేస్తుంది. "ఏరా, గొంతు అలా తుప్పు పట్టిందేంటి? ఎవరితోనైనా మాట్లాడుతున్నావా?"

"రోజుకి ముప్పై ఓడలతో మాట్లాడతానక్కా!"

అబద్ధం కాదు. కానీ ఓడలు "సరే" అని వెళ్ళిపోతాయి.

చేపల పడవ నడిపే సరంగు ఒక్కడే అలా కాదు. నాలుగు నెలల కిందట మొదటిసారి లంగరు మాట విని పకపకా నవ్వాడు. "నాకు చెప్పావు సరే తమ్ముడూ, చేపలకెవరు చెప్తారు?" అప్పటినుంచి రోజూ రెండింటికి పలకరింపు. తిన్నావా, మోకాలు ఎలా ఉంది? పనిమాట తప్ప ఇంకోటి మాట్లాడకూడదని రూలు. లంగరాయన ఆ రూలుని అన్నం డబ్బా మూతతో పాటు పక్కన పెట్టేసేవాడు.

ఓ రోజు సరంగు, "కేబుల్ చుట్టూ తిరిగే కాపలా పడవవాళ్ళు నీకు తోడుండరా?" అన్నాడు.

"వాళ్ళెక్కడ అన్నా! రెండింటికి డీజిలుకని రేవుకి పోతే మూడున్నరకి గానీ రారు."

నోరు జారిందని అప్పుడు తెలియలేదు.

ఆ మంగళవారం రెండుంబావుకి తెర మీద సరంగు పడవ చుక్క కేబుల్ గీత దగ్గర నెమ్మదించింది. దాటింది. వెనక్కి తిరిగి మళ్ళీ దాటింది.

"అన్నా, అక్కడే తిరుగుతున్నావేంటి?"

"ఇంజను మొరాయిస్తోంది తమ్ముడూ. నువ్వు తిన్నావా?"

బైనాక్యులర్ పెట్టి చూశాడు. పడవ చక్కగా సాగుతోంది. వెనక గొలుసొకటి బిగుసుకుని నీళ్ళలోకి దిగి ఉంది. ఇంతలో తెర మీద చుక్క మాయమైంది. పడవ జాడ చెప్పే పెట్టెని ఆపేశాడన్నమాట.

లంగరాయన గడియారం చూశాడు: కాపలా పడవ రేవులో ఉండే వేళ. రేవుకి చెప్తే, ఈ గదిలో నవ్వే గొంతు ఆ ఒక్కటీ పోతుంది. చెప్పకపోతే కేబుల్ తెగుతుంది. రేడియో ఎత్తాడు.

"అన్నా, గొలుసు పైకి లాగెయ్. నీకు దండం పెడతా."

పడవ గొలుసుతోనే మళ్ళీ వెనక్కి తిరిగింది. 

రేవుకి ఫోన్ చేశాడు. కాపలావాళ్ళు డీజిలు గొట్టం పీకేసి మరీ పరుగెత్తారు. పడవ దొరికింది. కేబుల్ పై తొడుగు మాత్రం గీసుకుపోయింది. గొలుసు చివర ఇనప కొక్కేలున్నాయట. కేబుల్ తెంచమని ఎవరు పురమాయించారో ఇంకా తేలలేదు.

సాయంత్రం రిజిస్టర్‌లో జరిగిందంతా రాసి, కింద ఇంకో వాక్యం చేర్చాడు: "కాపలా పడవ ఎప్పుడు ఉండదో చెప్పింది నేనే."

సూపర్‌వైజరు తల పట్టుకున్నాడు. "ఎవరూ అడగలేదు కదయ్యా! నీ మెడకి నువ్వే చుట్టుకున్నావేంటి?"

"రాయకపోతే మీరు డీజిలు టైము మార్చరు కదండీ."

టైము మార్చారు. ఆయన్ని మాత్రం ఉద్యోగంలోనే ఉంచారు. ఇకపై రేడియోలో ప్రతి మాటా రికార్డవుతుందని చెప్పారు.

మర్నాడు రెండింటికి డబ్బా మూత తీశాడు. రేడియో గరగరమంది. చెయ్యి దానంతటదే వెళ్ళి సౌండు పెంచింది. ఎవరో కొత్త ఓడవాళ్ళు.

"ఇక్కడ లంగరు వెయ్యొద్దు, అడుగున కేబుల్ ఉంది."

"సరే."

ఇంకేమైనా అంటారేమోనని కాసేపు చూశాడు. తర్వాత డబ్బా మూత పెట్టేశాడు.