బడి ముందు ముద్దాయి ఎడ్లు

ఎనభైల్లో భద్రాచలం అడవి అంచున ఒక పల్లెలో, బడి మొత్తానికీ నేనొక్కడినే పంతులుని. జనాభా లెక్కలు, ఓటర్ల జాబితాలు అప్పటికే నా నెత్తిన ఉన్నాయి. ఒకరోజు ఫారెస్టు గార్డు, దొంగ టేకు బండితో పట్టుబడిన ఎడ్ల జతను తెచ్చి బడి ముందు కట్టేశాడు.

"సారూ, కేసు తేలేదాక వీటిని జర చూస్కోండ్రి."

"నాకేం సంబంధం?"

"మీరు గూడ గవర్నమెంటే గదా" అని వెళ్లిపోయాడు.

నేను వేసిన గడ్డిని ఎడ్లు ముట్టలేదు. దగ్గరికి వెళితే కొమ్ములు విసిరాయి. పిల్లలంతా చూస్తుండగా పరుగెత్తి కుర్చీ ఎక్కాను. చివరికి వాటి యజమాని ముత్తయ్య, అంటే కేసులో ముద్దాయే, రోజూ వచ్చి మేత వేసి పోయేవాడు. ఒకనాడు తలగుడ్డ తీసి వినయంగా నిలబడ్డాడు.

"సారూ, రేపు ఖమ్మం కోర్టుకు పోతున్న. ఇంట్ల ఎవ్వరు లేరు. ఎట్లాగూ ఎడ్లను చూస్తున్నరు గదా, ఆవును గూడ జర చూడండ్రి."

కాదనలేకపోయాను. అదృష్టం కొద్దీ ఆవు సాధువు. ఇన్నేళ్ల సర్వీసులో అదనపు పనికి నాకు ముట్టిన ప్రతిఫలం చెంబెడు పాలు. అవీ ముద్దాయి ఆవువే.