ఐదో గ్లాసు తర్వాత

ఈరోజు శనివారం. మా చెల్లెలు మంగళవారం తెల్లవారుజామున బందరు ఆసుపత్రిలో కన్నుమూసింది. రేపు కోడూరులో ఆదరణ కూడిక. అక్కడ చదవడానికి నాలుగు మంచి మాటలు రాసివ్వమని పాస్టరుగారు అడిగారు. మంచి మాటలు ఉన్నాయి. కానీ సమాధి దగ్గర ఒక అబద్ధం పుట్టింది. దాన్ని కూడా సరిచేయాలి.

చెల్లెలు ముప్పై ఏళ్ళు ఎండుచేపల బుట్టతో బస్సుల్లో తిరిగింది. కండక్టరు వాసనని విసుక్కుంటే, "మీ ఇంట్లో వండితే సెంటు వాసనొచ్చుద్దా నాయనా?" అనేది. చర్చిలో ప్రతి పాటా అందరికన్నా ముందే ముగించేది. టీచరుగా రిటైరైన నన్ను చూసి, "మా అక్క పరలోకంలో కూడా హాజరు తీసుద్ది" అని నవ్వేది.

షుగరు, బీపీ, గుండెజబ్బు, కిడ్నీలు, అన్నీ చేరాయి. రోజుకి లీటరుకి మించి నీళ్ళు వద్దని గుడివాడ డాక్టరుగారు అన్నారు. నేను పట్టిక గీసి వాళ్ళింటి గోడకి అంటించాను: ఐదు గ్లాసులు, వేళలతో సహా. ఆమె కోడలు చుక్క తేడా రాకుండా కొలిచింది. రోజూ సాయంత్రం నేను ఫోన్‌లో లెక్క అప్పజెప్పించుకునేదాన్ని. ఒకరోజు చెల్లెలు మొక్కలకి పెట్టిన చెంబు ఎత్తి తాగేసిందని తెలిసి, ఆ ముసలిదాన్ని ఫోన్‌లోనే ఏడిపించాను.

సోమవారం నేను అక్కడే ఉన్నాను. ఆమె ఒళ్ళు కాలిపోతోంది. కిడ్నీల వల్లే అనుకున్నాం. ఐదో గ్లాసు అయిపోయింది.

"రేపటి గ్లాసు ఒకటి ఇయ్యాళ అప్పియ్యి అక్కా," అంది.

కోడలు నా వైపు చూసింది. ఇవ్వొద్దన్నాను. కాసేపటికి స్పృహ తప్పితే బందరు తీసుకెళ్ళాం. నర్సు మేజోడు తీసింది. మడమ నల్లబడి ఉంది.

మరణపత్రంలో గుండె ఆగిందని రాస్తారనుకున్నాను. "ఎవరికైనా చివరికి ఆగేది గుండేనండి," అన్నారు డాక్టరమ్మ. "అది కారణం కాదు. ఇదంతా ఎక్కడ మొదలైందో రాయాలి." మొదటి వరసలో రక్తానికి పాకిన ఇన్‌ఫెక్షన్, దాని కింద కాలి పుండు, ఆ కింద షుగరు రాశారు. కిడ్నీలనీ గుండెనీ, తోడైనవిగా, వేరే గడిలో పెట్టారు.

షుగరుతో మొద్దుబారిన కాలికి మేకు గుచ్చుకున్న సంగతి తెలియలేదు. తెలిశాక, కాలు తీసేస్తారని భయపడి మేజోడు తొడిగి దాచింది. నా పట్టికలో నీళ్ళకీ షుగరుకీ బీపీకీ గడులున్నాయి. పాదాలకి లేదు.

"నీళ్ళు కొలవడం తప్పు కాదండి. కాలు చూడాల్సింది," అన్నారు డాక్టరమ్మ.

సమాధి దగ్గర చెల్లెలి కూతురు తన వదినని పట్టుకుని, "నీళ్ళియ్యకుండా మా అమ్మని చంపేశావు" అంది. కోడలు మళ్ళీ నా వైపే చూసింది. మరణపత్రం నా చేతిసంచిలోనే ఉంది. నేను తీయలేదు. తీస్తే, పాదాలకి గడి లేని ఆ పట్టిక ఎవరు గీశారని అడుగుతారు.

జరగవలసినవి:

1. రేపు ఈ కాగితం పూర్తిగా చదవాలి. పాస్టరుగారు నీళ్ళ సంగతి దాటవేయకూడదు.

2. చెల్లెలి కూతురు అందరి ముందూ కోడలికి క్షమాపణ చెప్పాలి. అంతకన్నా ముందు నేను చెబుతాను.

3. షుగరున్నవాళ్ళ పాదాలు రోజూ మరొకరు చూడాలి.

4. ముందు వరసలో మొదటి కుర్చీ కోడలిది. ఆమె రాకపోతే బతిమాలకూడదు. దాన్లో ఇంకెవరూ కూర్చోకూడదు.