నల్లరేగడిలో క్రోకే

ఎనభైల మధ్యలో పర్చూరు దగ్గర ఒక బాలికల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేరాను. ట్రెయినింగులో నేర్చుకున్న క్రోకే ఆటంటే నాకు ప్రాణం. చెక్క సుత్తితో బంతిని కొట్టి, నేలలో గుచ్చిన ఇనుప కమానులోంచి దూర్చాలి. అసలు ఆటకు రూల్సెక్కువ. అందుకే సులువైన పద్ధతి ఎంచుకున్నాను. అందరూ ఒకే కమాను కోసం పోటీపడతారు, ముందుగా దూర్చినవాళ్లకు పాయింటు, వెంటనే అందరూ తర్వాతి కమానుకు వెళ్తారు.

వార్షికోత్సవం నాడు తల్లుల చేత ఆడిస్తానంటే హెడ్మిస్ట్రెస్‌గారు, "నవ్వులపాలైతే మాత్రం ఇక ఆటల పీరియడ్ అడక్కమ్మా" అన్నారు.

అందరూ చూస్తుండగా మొదటి బంతి కొట్టాను. అది తిన్నగా వెళ్లి నల్లరేగడి నెర్రెలో ఇరుక్కుపోయింది. తల్లులంతా ఘొల్లుమన్నారు. సిగ్గుతో తల దించుకుని బంతిని నెర్రెలోంచి పైకి లాగాను.

మిరపకోతల నుంచి నేరుగా వచ్చిన సుబ్బమ్మ అనే ఆవిడ ముందుకొచ్చింది. "ఇటియ్యండి టీచరమ్మా, ఈ నేల సంగతి మాకు తెలుసు" అంటూ సుత్తి అందుకుంది. చీర కుచ్చిళ్లు ఎగదోపి, నెర్రెలు లేని వైపు నుంచి వాటంగా కొట్టింది. బంతి కమానులోంచి దూసుకుపోయింది!

"నాకియ్యవే సుబ్బీ!" అంటూ మిగతావాళ్లు ఎగబడ్డారు. పాటల పోటీ మొదలైందని మైకులో ఎంత పిలిచినా ఒక్కరూ కదల్లేదు.

మర్నాడే వారానికి రెండు ఆటల పీరియడ్లు ఇచ్చారు. తర్వాత ఎందరికో ఎన్నో ఆటలు నేర్పాను గానీ, టీచరునైనందుకు నేను మొదటిసారి గర్వపడింది ఆ సాయంత్రమే.