విమానం రైడ్‌లో భయపడిందెవరు

మా ఇంట్లో, మా స్నేహితుల ఇళ్ళలో పాతికేళ్ళుగా తిరుగుతున్న కథ ఒకటుంది. పెళ్ళయి కొత్తగా అమెరికా వచ్చిన మా ఆవిడ, ఫ్లోరిడాలో ఒక థీమ్ పార్కులో, పసిపిల్లలు కూడా ఎక్కే రైడ్‌లో భయపడి, కేకేసి లేచి నిలబడి, మొత్తం రైడ్‌నే ఆపించిందని. ఆ కథ చెప్పింది నేనే. ఆ రోజు భయపడింది మాత్రం ఆవిడ కాదు, నేను. ఆ ముక్క ఎవరికీ చెప్పలేదు.

ఆ రైడ్ ఇప్పుడు లేదు. తీసేసి చాలా ఏళ్ళయింది. ఒక విమానాల కంపెనీ తన ప్రచారం కోసం పెట్టించిన రైడ్ అది. క్యూ ఉండేది కాదు, లోపల చల్లగా ఉండేది. ఎండకు తాళలేక దూరాం. ఇద్దరిద్దరు కూర్చునే బండ్లు, వీపు వెనక ఎత్తయిన పలక, ఒకదాని వెనక ఒకటి నడక వేగంతో చీకట్లోకి పోయేవి. ఒక మలుపులో సముద్రతీరం, ఇంకో మలుపులో ఏదో దేశపు సంత, ఆ తర్వాత మంచుకొండలు. అన్నీ బొమ్మలే, గోడల మీద వేసిన సినిమాలే. నా ప్రాజెక్టు ఎన్నాళ్ళుంటుందో తెలియదు, దేశం దాటితే వీసా ఇచ్చి మళ్ళీ రానిస్తారో లేదో తెలియదు. అలాంటి రోజుల్లో మా ఆవిడ, "ఏమండీ, పాస్‌పోర్టు లేకుండా ప్రపంచమంతా తిప్పుతున్నారు. ఇదవగానే ఇంకోసారి ఎక్కుదాం" అంది.

చివర్లో గుండ్రటి సొరంగం ఒకటి వచ్చింది. చుట్టూ గోడల మీద రన్‌వే దూసుకుపోతోంది. బండి వెనక్కి వాలింది, ముఖానికి గాలి కొట్టింది. నాకు కాళ్ళ కింద ఏమీ లేనట్టయింది. లేచి ఒక కాలు బయట పెట్టేశాను. బండ్లన్నీ ఆగిపోయాయి, సినిమా ఆగిపోయింది, ట్యూబ్‌లైట్లు వెలిగాయి.

ఆకాశం అనుకున్నది నల్లరంగు పూసిన పైకప్పు. మా ఆవిడ నా చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టింది. "అదిగో చూడండి, ఫ్యాను! మనం అసలు పరుగెత్తడమే లేదు, గోడలు పరుగెత్తాయి, అంతే" అంది. నన్ను ఊరడించడానికే అని ఉంటుంది గానీ, ఆ కళ్ళలో సంబరం నిజమే.

ఇంతలో పార్కులో పనిచేసే ఒకామె టార్చి వేసుకుంటూ వచ్చి ఏమైందని అడిగింది. వెనక బండిలో మా ఆఫీసు మిత్రుడు, అతని భార్య ఉన్నారు. ముందు ఏం జరిగిందో వాళ్ళకి కనపడలేదు. "నా భార్యకి భయమేసింది" అన్నాను ఇంగ్లీషులో.

మా ఆవిడ నా వైపు ఒక్కసారి చూసింది. పార్కు ఉద్యోగిని మా ఆవిడ భుజం మీద చెయ్యేసి, పక్క తలుపులోంచి నెమ్మదిగా బయటికి నడిపించింది. ఆ విమానాల కంపెనీ కౌంటరులో ఓదార్పుగా ఒక లగేజీ ట్యాగు చేతిలో పెట్టారు. ఇంకోసారి ఎక్కుదామన్న మాట మళ్ళీ రాలేదు.

తర్వాతి వారం, అప్పట్లో మేముండే ఇర్వింగ్‌లో, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ భోజనానికి వెళ్తే ఆ మిత్రుడే, "గురూ, చెల్లెమ్మ రైడ్ ఆపిన సంగతి చెప్పు" అన్నాడు. చెప్పాను. కేక నేను కలిపిందే. అందరూ పడిపడి నవ్వారు. అప్పటి నుంచి ఏ పార్కుకి వెళ్ళినా మా ఆవిడ చోటు బెంచీయే. పులిహోర డబ్బాలు, నీళ్ళ సీసాలు, "ఆంటీ, ఇది పట్టుకోండి" అంటూ పిల్లలు విసిరేసిన స్వెట్టర్లు. ఆ ట్యాగు కట్టిన సంచి ఎప్పుడూ ఆవిడ ఒళ్ళోనే.

పోయిన వేసవిలో మా అమ్మాయి మళ్ళీ ఫ్లోరిడాకి బుక్ చేస్తూ, "నాన్నా, అమ్మకి పార్క్ టికెట్ ఎందుకు? షీ ఈజ్ స్కేర్డ్ కదా, ఏదీ ఎక్కదు" అంది.

"నాకొద్దులేమ్మా, హోటల్లో ఉంటా" అంది మా ఆవిడ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

ఇప్పుడు ఆ బెంచీ కూడా లేదన్నమాట. "నువ్వూ వెళ్ళు. బ్యాగులు నేను చూసుకుంటా" అన్నాను.

"బ్యాగులకేం, లాకర్లున్నాయిగా" అంది తలెత్తకుండా. "ఎప్పట్నుంచో ఉన్నాయి."

ఆ శనివారం ఫ్రిస్కోలో అదే మిత్రుడి ఇంట్లో భోజనం. సగం మంది పాతవాళ్ళే. "మళ్ళీ ఫ్లోరిడానా! ఈసారి ఏ రైడ్‌కి బ్రేకేస్తావు చెల్లెమ్మా?" అన్నాడు. మా అమ్మాయితో సహా అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా, పెదవులతో మాత్రమే.

ప్లేటు కింద పెట్టాను. "ఆపింది తను కాదు. నేను."

"సర్లే గురూ, ఇన్నాళ్ళకి పెళ్ళాన్ని వెనకేసుకొస్తున్నావా?"

"లేదు. లేచింది నేను. నన్ను కూర్చోబెట్టింది తను."

ఎవరూ నవ్వలేదు. మా అమ్మాయి వాళ్ళమ్మ వైపు తిరిగింది. "వెయిట్... అయితే అమ్మా, నీకు భయం లేదా?"

"నాకది ఎంత నచ్చిందనీ" అంది మా ఆవిడ, పెరుగు వడ్డించుకుంటూ. "రెండోసారి ఎక్కుదామనుకున్నా."

ఇంటికెళ్ళాక చెప్పొచ్చులే అనుకున్నాను ఒక్క క్షణం. కానీ నవ్వించింది వీళ్ళందరి ముందే కదా.

"ఆ రైడ్ మళ్ళీ ఎక్కిద్దామంటే అదిప్పుడు లేదు" అన్నాను ఆవిడతో. "నా భయం నీ మీదికి తోశాను. ఇన్నేళ్ళూ నిన్ను చూసి అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వాను. తప్పు చేశాను. నన్ను క్షమించు."